పాత సాఫ్ట్‌వేర్‌తోనే నెట్టుకురావాలా, కొత్త ప్లాట్‌ఫారానికి మారాలా? శ్రీకాకుళం, విజయనగరం సంస్థలకు ఒక పోలిక

మన రెండు జిల్లాల్లో సొంతంగా సాఫ్ట్‌వేర్ రాయించుకొని వాడుకుంటున్న సంస్థలు బయటివాళ్లు ఊహించేదానికన్నా ఎక్కువే. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలు, రైస్ మిల్లులు, నర్సింగ్ హోములు, ప్రైవేటు కాలేజీలు, ఫైనాన్స్ ఆఫీసులు. కొనుగోళ్లు, స్టాకు, బిల్లులు, జీతాల ప్రోగ్రాములు చాలాచోట్ల ఎప్పుడో ఊళ్లో ఒక కుర్రాడో, విశాఖలో ఒక చిన్న కంపెనీయో రాసిచ్చినవే. కొన్ని సంస్థల్లో ఇద్దరు ముగ్గురు డెవలపర్లు సొంతంగానే ఉంటారు. ఇప్పుడు వీళ్లందరి ముందుకూ ఒకే ప్రశ్న వస్తోంది. ఇన్నాళ్లూ నడిచిన దానితోనే కొనసాగాలా, లేక కొత్త ప్లాట్‌ఫారం (ప్రోగ్రాము రాయడానికి వాడే భాష, టూళ్లు) మీద మొత్తం మళ్లీ రాయించాలా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ ప్లాట్‌ఫారం గొప్పది అన్నది మన దగ్గర రెండో ప్రశ్న. రేపు ప్రభుత్వం ఒక రూలు మారిస్తే ఆ మార్పును మీ ప్రోగ్రాములో చేయగల మనిషి మీకు దొరుకుతాడా అన్నది మొదటి ప్రశ్న. ఒక్క మనిషి మీద ఆధారపడి నడుస్తున్న సంస్థ ఎంత కొత్త ప్లాట్‌ఫారం తెచ్చుకున్నా మళ్లీ ఇంకో ఒక్క మనిషి చేతిలోకే వెళ్తుంది. కింద రాసిన పోలిక అంతా ఈ కోణం నుంచే చూడండి.

మారాల్సిన అవసరం నిజంగా ఉందా

దీనికి మంచి పరీక్ష గడిచిన కొన్నేళ్లలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలుగా రిజిస్టరైన సంస్థల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో చూపించే ఎడిట్ లాగ్ తప్పనిసరి అయింది. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి ఐదు కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలకు ఈ-ఇన్వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం) వచ్చింది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి.

ఒక కాగితం తీసుకొని వీటిలో మీకు వర్తించినవి రాయండి. ప్రతిదానికీ పక్కన మూడు విషయాలు: మార్పు ఎవరు చేశారు, ఎన్ని రోజులు పట్టింది, ఆ మనిషి లేకపోతే ఇంకెవరైనా చేయగలిగేవారా. జిల్లా పేరు మార్చడానికి మాస్టర్ టేబుల్‌లో (పేర్ల జాబితా ఉండే చోట) ఒక వరుస దిద్దితే సరిపోయిందా, లేక పేర్లు కోడ్‌లోనే రాసేసి ఉండి ఒక్కో స్క్రీనూ తెరవాల్సి వచ్చిందా? జీఎస్టీ రేటు తేదీని బట్టి మారేలా ఉందా, లేక కొత్త రేటు పెట్టగానే పాత బిల్లుల రీప్రింట్ కూడా మారిపోయిందా?

మార్పులన్నీ రెండు మూడు రోజుల్లో, మీకున్న కనీసం ఇద్దరు మనుషుల్లో ఎవరైనా చేయగలిగి ఉంటే మీరు మారనక్కర్లేదు. ప్రోగ్రాము పాతబడిందని ఎవరైనా అంటే టెన్షన్ పడొద్దు. మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ 6 డెవలప్‌మెంట్ టూల్‌కి సపోర్టు 2008 ఏప్రిల్‌లోనే ఆపేసింది, కానీ దానితో రాసిన ప్రోగ్రాములు విండోస్ 11లో కూడా నడుస్తాయి. ఆ తర్వాత మైక్రోసాఫ్టే తెచ్చిన డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో చివరి వెర్షన్ 4.8.1. అది 2022లో వచ్చింది, ఇక కొత్తది రాదు. అయినా విండోస్‌తో పాటు దానికీ సెక్యూరిటీ అప్‌డేట్లు అందుతూనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ పాత డేటాబేస్ టూలు విజువల్ ఫాక్స్‌ప్రో సంగతి వేరు. దాని సపోర్టు 2015 జనవరితో పూర్తిగా ముగిసింది. ఫాక్స్‌ప్రోలో ఉన్నవాళ్లు మాత్రం వాయిదా వేయకుండా ఆలోచించాలి.

మారాల్సిందే అనడానికి నా దృష్టిలో గట్టి కారణాలు మూడే. సోర్స్ కోడ్ (ప్రోగ్రాము రాసిన అసలు ఫైళ్లు) మీ దగ్గర లేకపోవడం. ఉన్నా దాన్ని ముట్టుకునే మనిషి ఒక్కడే అయి, అతను వెళ్లిపోయే సూచనలు కనిపించడం. ఈ-ఇన్వాయిస్ లాంటి బయటి సర్వీసులతో మాట్లాడించడానికి ప్రతిసారీ వేరే టూలు తగిలించాల్సి రావడం. ఫోన్‌లో రిపోర్టు చూడాలన్న కోరిక ఒక్కటే అయితే మొత్తం మార్చక్కర్లేదు. పాత డేటాబేస్ నుంచి చదివి చూపించే చిన్న వెబ్ పేజీ సరిపోతుంది.

ముందున్న దారులు

ఉన్నదాన్నే బాగుచేసుకోవడం మొదటి దారి. దీన్ని చిన్నచూపు చూస్తారు కానీ చాలా సంస్థలకు ముందు చేయాల్సింది ఇదే. పెన్‌డ్రైవ్‌లో జిప్ ఫైళ్లుగా తిరుగుతున్న కోడ్‌ను గిట్‌లో (కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసి దాచే టూలు) పెట్టడానికి ఖర్చేమీ లేదు. అలా కోడ్ దాచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో ప్రైవేటు రిపోజిటరీలు (బయటివాళ్లకు కనిపించని కోడ్ ఖాతాలు) ఎంతమందికైనా 2020 నుంచి ఉచితం. కౌంటర్‌లో నడుస్తున్న ప్రోగ్రామును ఈ కోడ్ నుంచే మళ్లీ తయారు చేయగలమా అని ఒకసారి బిల్డ్ చేసి చూడాలి. ఆ చిన్న పరీక్షలోనే కొన్నిచోట్ల ఉన్న కోడ్ వేరు, నడుస్తున్న ప్రోగ్రాము వేరు అని బయటపడుతుంది. కొత్త ప్లాట్‌ఫారం కోసం కొటేషన్ అడిగే ముందే ఇది తేల్చుకోవాలి.

ఇప్పటి ప్రోగ్రాము సీషార్ప్‌లోనో, వీబీ డాట్ నెట్‌లోనో విండోస్ ఫారమ్స్‌గా (డెస్క్‌టాప్ స్క్రీన్లుగా) ఉంటే రెండో దారి దగ్గరిది: పాత ఫ్రేమ్‌వర్క్ స్థానంలో వచ్చిన కొత్త డాట్ నెట్‌కి తీసుకెళ్లడం. డాట్ నెట్ 8 సపోర్టు 2026 నవంబర్‌తో అయిపోతుంది. 2025 నవంబర్‌లో వచ్చిన డాట్ నెట్ 10కి 2028 నవంబర్ వరకూ ఉంటుంది కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు 10తోనే మొదలుపెట్టాలి. స్క్రీన్లు, లెక్కలు చాలావరకు వచ్చేస్తాయి. ఆగేది రెండుచోట్ల. పాత ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫారమ్స్ కొత్త డాట్ నెట్‌లో లేనే లేదు, ఆ పేజీలు మళ్లీ రాయాల్సిందే. రెండోది రిపోర్టులు తయారుచేసే క్రిస్టల్ రిపోర్ట్స్. అది పాత ఫ్రేమ్‌వర్క్‌కే పరిమితం. మన దగ్గర పాత ప్రోగ్రాముల్లో బిల్లు నుంచి బ్యాలెన్స్ షీట్ వరకూ అన్నీ క్రిస్టల్‌లోనే ఉంటాయి. అందుకే "మార్చడానికి ఎన్ని రోజులు" అని అడిగేటప్పుడు స్క్రీన్లను కాదు, రిపోర్టులను లెక్కపెట్టండి. లైసెన్సు సంగతి కూడా చూసుకోండి: డాట్ నెట్ ప్రోగ్రాములు రాసే టూలు విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్‌ను చిన్న సంస్థలో ఐదుగురి వరకూ ఉచితంగా వాడుకోవచ్చు, ఆ పైన కొనాలి.

మూడో దారి బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాము రాయించడం. పైథాన్‌తో జాంగో, జావాతో స్ప్రింగ్ బూట్, పీహెచ్‌పీతో లారావెల్. వీటిలో ఏది మేలన్న వాదనలోకి నేను వెళ్లను. మూడూ మన అవసరాలకు చాలినవే. నేనైతే కొత్తగా మొదలుపెట్టే చిన్న టీముకు జాంగో చెబుతాను. లాగిన్, యూజర్ల హక్కులు, మాస్టర్ల ఎంట్రీ స్క్రీన్లు అందులో సిద్ధంగా వస్తాయి కాబట్టి మొదటి నెలలోనే చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. జాంగో 5.2 వెర్షన్‌కు 2028 ఏప్రిల్ వరకూ సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. జావా తీసుకుంటే ఒరాకిల్ జేడీకే (జావా ప్రోగ్రాములు రాసి నడిపే కిట్) లైసెన్సు షరతులు చదవకుండా ఇన్‌స్టాల్ చేయొద్దు. ఉచితంగా దొరికే ఓపెన్‌జేడీకే బిల్డులు ఉన్నాయి, అవి చాలు.

నాలుగో దారిలో రాయడం తక్కువ, అమర్చుకోవడం ఎక్కువ. జోహో క్రియేటర్, పవర్ యాప్స్ లాంటి లో-కోడ్ ప్లాట్‌ఫారాలు ఒకవైపు. ముంబైలో పుట్టిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ఈఆర్‌పీ, అంటే కొనుగోళ్లు, స్టాకు, అకౌంట్లు అన్నీ ఒకేచోట నడిపే ప్యాకేజీ, ఈఆర్‌పీనెక్స్ట్, దాని కింద ఉండే ఫ్రాపే ఫ్రేమ్‌వర్క్ ఇంకోవైపు. కాలేజీలో హాస్టల్ ఔట్‌పాస్‌లు, సెలవు చీటీలు, ఆసుపత్రిలో పరికరాల రిపేరు ఫిర్యాదులు, ఇలాంటి వాటికి లో-కోడ్ చాలా బాగుంటుంది. వారంలో పని అయిపోతుంది. అసలు వ్యాపారాన్ని మాత్రం దాని మీద పెట్టే ముందు రెండు లెక్కలు వేసుకోండి. డబ్బు ప్రతి యూజరుకూ నెలనెలా కట్టాలి, మనుషులు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. బయటికి రావాలనుకున్నప్పుడు డేటా చేతికొస్తుంది కానీ దాని మీద మీరు కట్టుకున్న తర్కమంతా అక్కడే ఉండిపోతుంది.

ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఆ ఇబ్బంది లేదు. కోడ్ మీ సర్వర్‌లోనే ఉంటుంది, జీఎస్టీ, ఈ-ఇన్వాయిస్ కోసం ఇండియా కంప్లయన్స్ అనే ఓపెన్ సోర్స్ యాప్ కూడా ఉంది. అయితే మన వ్యాపారాలకు సంబంధించిన ఒక చిక్కును డెమో ఇచ్చేవాళ్లు సాధారణంగా చూపించరు. చాలా ఈఆర్‌పీలు ఉత్పత్తిని ముఖ్యంగా ఒకే దిశలో ఊహిస్తాయి: పది రకాల ముడిసరుకు కలిస్తే ఒక వస్తువు తయారవుతుంది. మన దగ్గర కథ తిరగబడి ఉంటుంది. ఒక బస్తా జీడిపిక్కలు కొడితే 180, 210, 240, 320 కౌంట్ల గుండ్లు, బద్దలు, ముక్కలు, ఇన్ని రకాలుగా విడిపోతాయి. ధాన్యం ఆడిస్తే బియ్యం, నూకలు, తవుడు, ఊక. ఖర్చును వీటన్నిటికీ ఎలా పంచాలి, నిన్న అనుకున్న గ్రేడు ఈరోజు గ్రేడింగ్‌లో మారితే స్టాకు ఎలా దిద్దాలి, పప్పు ఒలిచే ఆడవాళ్ల కూలి కిలోల లెక్కన ఎక్కడ చేరుతుంది? ఈ మూడూ మీ సొంత అంకెలతో, మీ కళ్ల ముందు చేసి చూపించమని అడగండి. స్టాండర్డ్ ప్యాకేజీలో ఇవి సాఫీగా జరిగితే ఇంక వేరే దారి వెతకొద్దు, అదే తీసుకోండి. జరగకపోతే, ఆ ఒక్క భాగం కోసం ప్యాకేజీని ఎంత వంచితే ప్రతి అప్‌గ్రేడ్‌లో అంత నొప్పి ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

తెలుగు, ప్రింటరు, కాటా

ఫీచర్ల పట్టికలు చూసి నిర్ణయం తీసుకుంటే మన ఊళ్లలో దెబ్బతినేది ఈ మూడుచోట్లే. అందుకే వీటికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను.

తెలుగుతో మొదలుపెడదాం. విజువల్ బేసిక్ 6 కంట్రోళ్లకు (స్క్రీన్ మీద పేరు టైపు చేసే పెట్టెల్లాంటివి) యూనికోడ్, అంటే ఏ ఫాంట్‌లోనైనా తెలుగును తెలుగుగానే దాచే పద్ధతి, రాదు. పాత ప్రోగ్రాముల్లో రైతుల పేర్లు, పేషెంట్ల పేర్లు తెలుగులో ఉన్నాయంటే అవి అను ఫాంట్ల లాంటి వాటిలో దాచినవే. డేటాబేస్‌లో చూస్తే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. మార్పిడిలో దాన్ని యూనికోడ్‌లోకి తేవడం ఒక ప్రత్యేకమైన పని, కొటేషన్‌లో విడిగా రాయించుకోవాలి. డేటాబేస్‌గా ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడితే పేర్ల కాలమ్‌లను వార్‌చార్‌గా కాక ఎన్‌వార్‌చార్‌గా (యూనికోడ్ పట్టే రకంగా) పెట్టాలి, లేదంటే మామూలు సెట్టింగుల్లో తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. స్క్రీన్ మీద బాగున్న తెలుగు పీడీఎఫ్‌లో విరిగిపోవడం ఇంకో సమస్య. కొన్ని పీడీఎఫ్ లైబ్రరీలకు వత్తులు కలపడం చేతకాదు. పీహెచ్‌పీవాళ్లు ఎక్కువగా వాడే డోమ్‌పీడీఎఫ్ అలాంటిదే. పరీక్ష తేలిక: ఇచ్ఛాపురం, శ్రీకూర్మం, లక్ష్మి అనే మూడు మాటలతో ఒక రసీదు ప్రింటు తీయించండి. అది సరిగ్గా వస్తేనే మిగతా మాటలు.

ప్రింటరు. మిల్లుల్లో, ఆసుపత్రి కౌంటర్లలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు ఇంకా నడుస్తున్నాయి, కార్బన్ కాపీ కావాలి కాబట్టి నడుస్తాయి కూడా. విండోస్ ప్రోగ్రాము ప్రింటరుకు నేరుగా అక్షరాలు పంపిస్తుంది, చీటీ టకటకా వచ్చేస్తుంది. బ్రౌజర్ అయితే పేజీని బొమ్మలా గీసి పంపుతుంది. అదే ప్రింటరు మీద నత్తనడక, పైగా ప్రతిసారీ ప్రింట్ డైలాగ్. వెబ్‌కి మారేవాళ్లు కౌంటర్ పీసీలో ఒక చిన్న ప్రింట్ సర్వీసు కూడా రాయించుకోవాలి. ఉదయం ఓపీలో క్యూ ఎలా ఉంటుందో తెలిసిన ఆసుపత్రివాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

కాటా కూడా అంతే. వే బ్రిడ్జి ఇండికేటర్ బరువును సీరియల్ కేబుల్ ద్వారా పంపుతుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాముకు దాన్ని చదవడం చిన్న పని. బ్రౌజర్‌లో అయితే క్రోమ్, ఎడ్జ్‌లలో ఉన్న వెబ్ సీరియల్ సౌకర్యం వాడాలి, లేదా ఇక్కడా మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాము పెట్టాలి. బరువును గుమస్తా చేత్తో టైపు చేయడం మాత్రం ఒప్పుకోవద్దు. అలా చేస్తే రైతుకూ మిల్లుకూ మధ్య ఉన్న నమ్మకం ఒక కీబోర్డు మీద ఆధారపడుతుంది.

ఈ మూడూ చూశాక నా సలహా ఇది: కౌంటర్, కాటా దగ్గర పని ఎక్కువగా ఉన్న సంస్థ కొత్త డాట్ నెట్‌లో డెస్క్‌టాప్ ప్రోగ్రామే ఉంచుకొని, యజమాని చూసే రిపోర్టులను వెబ్‌లో పెట్టుకోవడం మేలు. కాలేజీలు, నాలుగైదు బ్రాంచీలున్న ఫైనాన్స్ సంస్థలు లాంటివి, అంటే పని అంతా ఎంట్రీలు, అనుమతులు, రిపోర్టులే అయిన చోట, నేరుగా వెబ్‌కి వెళ్లొచ్చు.

సర్వర్ ఎక్కడ పెట్టాలి

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం ఊళ్లలో కరెంటు స్తంభాలు నేలకూలి, చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లకూ ఇది తెలుసు. క్లౌడ్ కావాలా, ఆఫీసులో సర్వర్ కావాలా అన్న చర్చ మన తీరంలో ఈ రోజులను దృష్టిలో పెట్టుకొనే చేయాలి. జెనరేటర్ ఉండి నెట్ లేనప్పుడు క్లౌడ్ ప్రోగ్రాము పనిచేయదు, ఆఫీసు సర్వర్ పనిచేస్తుంది. ఆఫీసులోకి నీళ్లొస్తే సర్వర్ పోతుంది, క్లౌడ్‌లో డేటా భద్రంగా ఉంటుంది.

రోగులు వచ్చే ఆసుపత్రికి, లారీలు వచ్చే మిల్లుకు సర్వర్ లోపలే ఉండాలి, ప్రతి రాత్రి బ్యాకప్ బయటికి వెళ్లాలి. బయట అంటే విశాఖలో ఇంకో ఆఫీసు కాదు. మీ ఊరూ, విశాఖా ఒకే తుఫాను దారిలో ఉంటాయి. హైదరాబాద్‌లో, ముంబైలో క్లౌడ్ డేటా సెంటర్లు ఉన్నాయి, అక్కడికి పంపండి. నెలకోసారి ఆ బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్ మీద డేటా తెరిచి చూడండి. డేటాబేస్ విషయంలో పోస్ట్‌గ్రెస్ ఉచితం, సైజు పరిమితి గురించి ఆలోచించక్కర్లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత ఎడిషన్ ఎక్స్‌ప్రెస్, 2022 వెర్షన్ వరకూ, ఒక డేటాబేస్‌కు 10 జీబీ దాటనివ్వదు. ఎక్స్‌రేల స్కాన్లు కూడా డేటాబేస్‌లోనే దాచే ఆసుపత్రికి ఆ హద్దు త్వరగానే వస్తుంది.

మనుషులు

రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల, విజయనగరం కాలేజీల నుంచి ఏటా ఎంతోమంది ఇంజినీర్లు బయటికొస్తున్నారు. వాళ్ల చేతిలో ఉండేది జావా, పైథాన్. డాట్ నెట్ తెలిసినవాళ్లు తక్కువ, విజువల్ బేసిక్ 6 చూసినవాళ్లు అసలు ఉండరు. ఆ పిల్లలకు ఉద్యోగాలు కనిపించేది హైదరాబాద్, బెంగళూరులో. ఇప్పుడు విశాఖలో కూడా. మీ దగ్గర చేరినవాళ్లు రెండేళ్లుంటే మంచి కాలం అనుకోవాలి, అందులో వాళ్ల తప్పేమీ లేదు. కాబట్టి ప్లాట్‌ఫారం ఎంపికలో "కొత్తగా చేరిన పిల్లాడు ఎన్నాళ్లలో ఒక చిన్న మార్పు సొంతంగా చేసి పెట్టగలడు" అన్నది ధర కన్నా ముందు అడగాలి. పైథాన్, జావాలకు ఇక్కడ మొగ్గు ఉంది. డాట్ నెట్ ఎంచుకుంటే చేరినవాళ్లకు రెండు నెలల శిక్షణ జీతం లెక్కలో వేసుకోండి. జావా బాగా వచ్చినవాళ్లకు సీషార్ప్ పట్టుబడటం పెద్ద కష్టమేమీ కాదు.

ఊరు వదిలి వెళ్లలేని డెవలపర్లు కూడా ఉంటారు. అమ్మానాన్నలను చూసుకోవాల్సినవాళ్లు, పెళ్లయి ఇక్కడే స్థిరపడిన అమ్మాయిలు. వాళ్లకు మంచి జీతం, పనివేళల్లో కాస్త వెసులుబాటు ఇచ్చి నిలుపుకున్న సంస్థకు ప్లాట్‌ఫారం ఏదైనా నడుస్తుంది. ప్లాట్‌ఫారం బడ్జెట్‌లో కొంత తగ్గించయినా ఈ జీతాల్లో పెట్టమంటాను.

ఎప్పుడు, ఎలా

మొత్తం ఒకేసారి మార్చొద్దు. వేరుగా నిలబడగల ఒక భాగం తీసుకోండి. జీతాలు, గేట్ రిజిస్టర్, స్టోర్స్ ఇలాంటివి. దాన్ని కొత్తదాని మీద రాయించి, నెల రోజులు రెండింటిలోనూ నడిపి, అంకెలు సరిపోయాక పాతది ఆపండి. ఆ తర్వాతే బిల్లింగ్ జోలికి వెళ్లండి.

ముహూర్తం కూడా ముఖ్యమే. అకౌంటెంట్లు ఏప్రిల్ 1 అంటారు, కొత్త ఆర్థిక సంవత్సరం, కొత్త బిల్లు నంబర్లు అని. కానీ అది జీడిపిక్కలు వచ్చే కాలం, పలాసలో అప్పుడు ఎవరికీ కొత్త స్క్రీన్ నేర్చుకునే తీరిక ఉండదు. మిల్లులకు నవంబర్ నుంచి ధాన్యం వస్తుంది. జులై నుంచి సెప్టెంబర్ వరకూ ఇద్దరికీ కాస్త ఊపిరి పీల్చుకునే సమయం. సంవత్సరం మధ్యలో మారినా బిల్లులకు ఇబ్బంది లేదు. ఆ ఆర్థిక సంవత్సరంలో నంబరు రెండోసారి రాకుండా, 16 అక్షరాలు దాటకుండా ఉంటే వేరే సిరీస్ మొదలుపెట్టుకోవచ్చు. కాలేజీలకు అడ్మిషన్లయ్యాక, దసరా సెలవుల ముందు బాగుంటుంది.

బయటివాళ్లతో రాయిస్తే ఒప్పందంలో ఇవి రాయించుకోండి. సోర్స్ కోడ్ మీ పేరు మీద ఉన్న ఖాతాలో మొదటి రోజు నుంచే చేరాలి, చివర్లో ఇస్తామంటే వద్దు. సర్వర్, డొమైన్, ఈ-ఇన్వాయిస్ పాస్‌వర్డులు అన్నీ సంస్థ మెయిల్ మీదే ఉండాలి. చివరి వాయిదా డబ్బు, వాళ్ల మనిషి పక్కన లేకుండా మీ మనిషి ఆ కోడ్ నుంచి ప్రోగ్రామును తయారుచేసి, ఒక జీఎస్టీ రేటు మార్చి, ఇచ్ఛాపురం రైతు పేరుతో కాటా చీటీ తీసి చూపించిన రోజున ఇవ్వాలి.